వెబ్ పుటల నిర్మాణము: రెండవ మెట్టు



దుర్గి పేరు చెప్పినంతనే పలనాటి రాతిపై చెక్కిన బొమ్మలు జ్ఞప్తికి వచ్చును. ఉలుల పేర్లు వల్లించినంతమాత్రమున ఎవడును శిల్పి కాడు; రాయి ఎచట పగులునో చేతికి తెలియవలెను. వెబ్ పుటల నిర్మాణము నేర్చువారి స్థితియు నిట్టిదే. మొదటి మెట్టు మన యువకులకు సులభముగనే అందుచున్నది. పెక్కుమంది నిలిచిపోవునది రెండవ మెట్టుననే.

వెబ్ పుటకు భాషలు మూడు. హెచ్.టి.ఎమ్.ఎల్. విషయమును అమర్చును, సి.ఎస్.ఎస్. దానికి రూపము నిచ్చును. జావాస్క్రిప్టు దానిచే పని చేయించును. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనాలయమున వెబ్బును ప్రతిపాదింపగా, 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దానిని ఎల్లరకును ఉచితముగ విడిచిపెట్టెను. సి.ఎస్.ఎస్.ను 1994లో హోకొన్ వియుమ్ లీ ప్రతిపాదించెను. 1995లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టు తొలిరూపమును పది దినములలో కూర్చెను. ఆ తొందరపాటు గుర్తులు ఆ భాషలో నేటికిని కలవు!

ఒక విద్యార్థి తన గ్రామ గ్రంథాలయపు పుస్తకముల పట్టికను వెబ్ పుటగా రచింపబూనె ననుకొనుడు. ఆంగ్ల పాఠములను చూచి వ్రాసినంతవరకు అంతయు చక్కగనే నడచును. తెలుగు పేర్లు చేర్చిన నాడు చిక్కులు మొదలగును.

అతడు 'దుర్గి' యను మాటకు పొడుగెంత యని జావాస్క్రిప్టు నడుగును. ఆరు అని బదులు వచ్చును. చదువరి కంటికి కనబడునవి రెండే యక్షరములు. యూనికోడ్ లిపి సంకేతములలో ద, ఉకారపు గుర్తు, ర, పొల్లు, గ, గుడి వేరువేరుగ నుండుటయే దీనికి కారణము. పొడవైన పేరును పది సంకేతములకు కత్తిరించినచో గుడియో వత్తో తెగి, పేరు వికృతమగును. సెగ్మెంటర్ అను సాధన మొకటి ఈ పనికై యున్నది. బ్రౌజరు పాతదో క్రొత్తదో యనుదానిని బట్టి అదియు ఒక్కొక్కచో రెండనును, ఒక్కొక్కచో మూడనును. కావున పేరును కత్తిరింపక, రెండవ పంక్తికి దిగనిచ్చుటయే మేలు. పంక్తుల నడుమ ఎడమును సి.ఎస్.ఎస్.లో కొంత పెంచవలెను. లేనిచో క్రింది వత్తులు తరువాతి పంక్తి తలకట్లను తాకును.

వరుస విషయము మరియు గంభీరము. యూనికోడులో ళ అక్షరము ల ప్రక్కన, వ కంటె ముందు నుండును. బడిలో పలకపై దిద్దిన వరుసలో అది హ తరువాతిది. జావాస్క్రిప్టు సాదా వరుసను నమ్మినచో 'కళ' ముందును 'కవి' వెనుకను వచ్చును. బడి వరుస నెరిగిన పాఠకుడు తగిన చోట వెదకి, గ్రంథము లేదని వెనుదిరుగును. గ్రంథ మచ్చటనే బీరువాలో నుండును! భాష నెరిగి వరుస పెట్టు సాధనము జావాస్క్రిప్టులోనే కలదు. దానికి 'తెలుగు' అని చెప్పి, వచ్చిన వరుసను కంటితో సరిచూచుకొనవలెను. పుట తెలుగు పుట యని హెచ్.టి.ఎమ్.ఎల్.లో తెలుపుటయు మరువరాదు. అంధులకు పుటను చదివి వినిపించు సాధనములు ఆ గుర్తును బట్టియే ఉచ్చారణ నెన్నుకొనును.

ఇంకొక మాట. పట్టికయంతయు జావాస్క్రిప్టు వచ్చి నింపునట్లు కొందరు వ్రాయుదురు. సిగ్నలు చాలనిచోట ఆ పట్టిక రానే రాదు. తెల్లని పుట మిగులును. పుస్తకముల పేర్లు హెచ్.టి.ఎమ్.ఎల్.లోనే యుండి, వెదకులాట మాత్రము జావాస్క్రిప్టు చేయవలెను.

ఆ వెదకులాటయం దొక ముడి కలదు. పట్టికలో 'భారతము' అని యున్నది. కుర్రవాడు 'భారతం' అని కొట్టును. యంత్రమునకు ఆ రెండును వేరు మాటలు, లేదనియే చెప్పును. పదాంతమందలి 'ము'వర్ణమును సున్నగా మార్చి రెండింటిని పోల్చినచో చిక్కు తీరును. అయినను 'చీము', 'పాము' వంటి మాటలు అట్లు మారవు గనుక, ఈ మార్పు పోల్చుటకే కాని తెరపై చూపుటకు కాదు. ఇట్టి మాటలు పట్టికలో నెన్ని యున్నవో విద్యార్థి గ్రంథపాలకుని ప్రక్కన కూర్చుండి, దాఖలా పుస్తకమును ఒక్కొక్క పుటగా త్రిప్పుచు చూచుకొనవలసియుండును.