తొంభై రోజుల లెక్క

కొన్నాళ్లు పత్తి ఏరి, కొన్నాళ్లు ఇటుకలు మోసి బతికే తెలుగు కూలీలు నాందేడ్‌లోని మన సంఘాల్లోనూ ఉన్నారు. గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారికే సంక్షేమ నిధిలో సభ్యత్వమని 1996 చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ 90నే ఉంచింది.

ఆ రోజులన్నీ ఒకే మేస్త్రీ దగ్గర చేయనక్కర్లేదు. కానీ 70 రోజులు గోడలు కట్టి, 150 రోజులు పత్తి ఏరినవారికి లెక్కకొచ్చేవి 70 మాత్రమే. 220 రోజులు ఒళ్లు వంచినా సభ్యత్వం లేదు! పరంజా మీదనుంచి పడితే ఏ హక్కుతో అడగాలి?

అన్ని పనిదినాలూ కలిపి లెక్కించాలని కోరుదాం. అందాకా తేదీ, మేస్త్రీ పేరు రోజూ రాసుకుందాం. రాయడం రానివారికి మన యువకులు రాసిపెట్టాలి.