"సీదా బైఠో" అంటే చాలదు

మేము ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవారం. తెలుగులో మాట తడబడితే మన్నించగలరు.

మా పిల్లలు ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఎటు రాసినా కూర్చునే తీరు ఒకటే. కలం బిగబట్టి, మెడ వంచి, ముక్కు నోటుబుక్కుకు ఆనించి! "సీదా బైఠో" అని గద్దిస్తే రొమ్ము విరుచుకుని కూర్చుంటారు. రెండు నిమిషాలే. మళ్లీ మామూలే. బెత్తం చూపినా అంతే.

ఇదెందుకో వెతికినవాడు ఎఫ్.ఎం. అలెగ్జాండర్. 1869లో టాస్మానియా దీవిలో పుట్టాడు. వేదికలెక్కి పద్యాలూ నాటకభాగాలూ వినిపించడం ఆయన వృత్తి. గొంతు బొంగురుపోసాగింది, వైద్యం నిలవలేదు. అద్దాల ముందు నిలబడి నెలల తరబడి తననే చూసుకున్నాడు. నోరు తెరవబోయేసరికి తల వెనక్కి పోతోంది, గొంతు నొక్కుకుపోతోంది. సరిచేసుకున్నాననుకునేవాడు, అద్దం మాత్రం లేదనేది! అలవాటైన వంకరే మనకు తిన్నగా తోస్తుంది మరి. చివరకు, మాట్లాడాలన్న తలంపు రాగానే ఆగడం నేర్చాడు. పాత తీరును వద్దనుకున్నాక, మాట్లాడాలో మానాలో అప్పుడు నిర్ణయించేవాడు. 1932లో వచ్చిన పుస్తకంలో ఇదంతా రాశాడు.

2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. నడుంనొప్పి ఉన్నవారు 579 మంది. ఈ పద్ధతిలో 24 పాఠాలు నేర్చినవారికి ఏడాది తర్వాత నెలకు సుమారు 3 రోజులే నొప్పి. మామూలు వైద్యం పొందినవారికి 21 రోజులు. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలెత్తే అన్నలు, నాట్లేసే అమ్మలు వినవలసిన లెక్క ఇది. బస్తా పట్టబోయే ముందు ఒక్క ఊపిరి ఆగి, మెడ బిగుస్తోందా అని చూసుకోండి. అయితే మన జిల్లాలో ఫ్లోరైడు నీళ్లకు వంగిన నడుములూ ఉన్నాయి. అది అలవాటు కాదు, ఎముకల జబ్బు. డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఆలోచనకూ ఇలాంటి వంకర ఉంటుంది. పది పాసయిన అమ్మాయిని పై చదువుకు పంపమని అడిగితే, మా మాట పూర్తి కాకముందే తండ్రి నోట "మా ఖాన్‌దాన్‌లో లేదు మాస్టర్ సాబ్" అని వస్తుంది. ఆలోచించి చెప్పిన జవాబయితే మేము వాదించేవాళ్లం. అది నోటికి అలవాటైన మాట! అన్నట్లు, ఆ ఖాన్‌దాన్‌లో టీవీ కూడా ఉండేది కాదు.

ఈసారి ఫలితాలు రాగానే ఆ అమ్మాయిల పేర్లు పట్టుకుని మీ ఇళ్లకు వస్తాం. వెంటనే జవాబు చెప్పకండి. చాయ్ తాగినంతసేపు ఆగండి. అమ్మాయిని కూడా ఆ గదిలోనే కూర్చోనివ్వండి.