ఎనిమిది పాయల అల్లిక



మూడు పాయల జడ అల్లడం మనకు ఎవరూ పలకమీద రాసి నేర్పలేదు. అమ్మ ముందు కూర్చుని తల అప్పగించి, ఆ తరువాత చెల్లెలి తలమీద చెయ్యి తిప్పుకుని నేర్చుకున్నాం. జపాను వారి కుమిహిమొ అనే అల్లిక మన జడకు అక్కగారివంటిది. కుమి అంటే అల్లడం, హిమొ అంటే తాడు. ఎనిమిదో, పదహారో పట్టుపాయలు కలిపి అల్లుతారు.

సామురాయి యోధుల కవచాల్లో రేకులను ఒకదానికొకటి కలిపి కట్టింది ఈ తాళ్ళతోనే. కత్తి ఒరకు కట్టిందీ వీటినే. 1876లో అక్కడి ప్రభుత్వం కత్తులు ధరించి తిరగడం నిషేధించేసరికి అల్లేవారికి బేరం పడిపోయింది. అప్పుడు వారు ఆడవారి కిమోనో వైపు తిరిగారు. నడుముకు చుట్టిన వెడల్పు పట్టీ జారకుండా పైన బిగించే తాడు అల్లసాగారు. దాన్ని ఒబిజిమె అంటారు. ఇగా పట్టణం ఈ పనికి ఈనాటికీ పేరుపొందింది.

యుద్ధంలో నిలిచిన తాడు మెడలో తెగుతుందా అనుకున్నాను నేను. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి ఎర్రదారంతో ఒకటి అల్లి, వాళ్ళ అమ్మమ్మ నాటి బంగారు బిళ్ళ దానికి వేలాడదీసి ఇచ్చాను. ఊరేగింపులో బిళ్ళ ఎక్కడో జారిపోయింది. తాడు మాత్రం పిల్ల పైటకు చిక్కుకుని ఉంది. అల్లిక చెక్కుచెదరలేదు, కొసే టోపీలోనుంచి ఊడివచ్చింది. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

కాబట్టి ముందు కొసల సంగతి చెబుతాను. తాడు కత్తిరించక ముందే, కత్తిరించబోయే చోట సన్నని గట్టి దారంతో పది పన్నెండు చుట్లు బిగించాలి. సూదితో ఆ దారాన్ని అల్లిక మధ్యనుంచి రెండుసార్లు దూర్చి ముడివెయ్యాలి. ఆ తరువాతనే కట్టుకు బయటి పక్కన కత్తెర పెట్టాలి. నేను ఆనాడు కత్తిరించి, పాయలు విడిపోతుంటే పోగుచేసి కట్టాను. కొసలకు తొడిగే లోహపు టోపీలో జిగురు వేసి, కట్టు మొత్తం లోపలికి పోయేలా దూర్చి, ఒక రోజంతా ఆరనివ్వండి. ఆరాక గట్టిగా లాగి చూడండి. ఊడేదయితే మీ చేతిలోనే ఊడనివ్వండి.

ఇక అల్లిక. జపానులో మరుదై అనే గుండ్రటి పీట అంచునుంచి బరువు కండెలు వేలాడదీసి అల్లుతారు. మనకు దుకాణంలో దొరికే నురుగు బిళ్ళ చాలు, లేదా మందపాటి అట్ట. జానెడు వెడల్పు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి ఐదుసార్లు సగానికి మడిస్తే 32 భాగాలు వస్తాయి. దాన్ని అట్టమీద పెట్టి మడతల దగ్గర అంచున గాట్లు పెట్టి, మధ్యన వేలుపట్టేంత రంధ్రం చెయ్యండి.

తాడు ఎంత పొడవు కావాలో దానికి మూడింతల దారాలు ఎనిమిది తీసుకుని, ముడివేసి రంధ్రంలోనుంచి దించండి. ముడికి చిన్న చిల్లర మూట కట్టండి. పైన, కింద, కుడి, ఎడమ రెండేసి దారాలు పక్కపక్క గాట్లలో పెట్టండి. పై జంటలో కుడిదారాన్ని దించి కింది జంటకు కుడి పక్క గాటులో పెట్టాలి. కిందివాటిలో ఎడమ చివరి దారాన్ని ఎత్తి పైన మిగిలినదానికి ఎడమ పక్కన పెట్టాలి. బిళ్ళను పావు చుట్టు తిప్పాలి, ఎప్పుడూ ఒకే వైపుకు. అంతే, ఇదే మళ్ళీ మళ్ళీ.

కుక్కరు కూత పెట్టిందని లేవవలసి వస్తే సగంలో లేవండి. అంటే కుడిదారం దించి, ఎడమది ఎత్తకుండా. తిరిగి వచ్చేసరికి కింద మూడు దారాలు కనబడతాయి, ఎక్కడ ఆగామో తెలిసిపోతుంది. పూసలు కలిపేవారు ముందు రంధ్రం అంచు చూసుకోండి. గరుకుగా ఉంటే దారాన్ని కోసేస్తుంది.

నేర్పేటప్పుడు రంగురంగుల దారాలివ్వండి, తప్పు వెంటనే కంటబడుతుంది. పిల్లల చేతిలోనుంచి లాక్కుని మనం సరిచేయకూడదు. ఎలా అల్లారో అలాగే వెనక్కు విప్పమనాలి. నా దగ్గరికి వచ్చేవారికి మొదట నా చేత్తో అల్లిన జానెడు ముక్కలిచ్చి కొసలు కట్టిస్తాను. వాళ్ళు సణుగుతారు. పక్కింటి పిల్ల, తొమ్మిదో తరగతి, “గాజు అల్లడం నేర్పుతారనుకుంటే ముడులు నేర్పుతారేమిటి పిన్నిగారూ?” అంది. బంగారు బిళ్ళ కథ చెప్పాను. మొదటి ముక్క లాగితే ఊడింది, రెండోదీ ఊడింది. మూడోదానికి నీళ్ళచెంబు వేలాడదీసి తానే చూసుకుంది. నిలిచింది. ఈ వారం బిళ్ళ పట్టుకుంది.