చెట్టును నరకకుండ తూచుట

 

బాగేపల్లి గట్టుమీది చింతచెట్టు బరువెంత? నరికి తూచినచో లెక్క తేలును, చెట్టు మిగలదు. కావున నేలనుండి 1.3 మీటర్ల ఎత్తున మానుచుట్టు టేపు చుట్టి, వచ్చిన కొలతను 3.14తో భాగించి, ఎత్తును, కలప సాంద్రతను చేర్చి ఎండుబరువు కట్టుదురు. 2014లో జెరోమ్ షావ్ బృందము ప్రకటించిన సూత్రమునకు నరికి తూచిన 4004 చెట్లే ఆధారము. పాపమవి మన కొరకే కూలినవి!

తడి అడవిలో చెట్టు నిడుపు. చింతామణి, చిక్కబళ్ళాపురపు మెట్టలలో అంతే లావు చెట్టు పొట్టి. ఎత్తు కొలవక ఆ అడవి లెక్కనే ఇచట వేసినచో లేని కలప కాగితముపై పెరుగును. ఎండుబరువులో సుమారు సగము కర్బనము. దానికి వెలకట్టు ఈ కాలమున అది దొంగలెక్కయే.

పరికరము లేదందురా? మీటరు కర్ర నిలువుగ నాటి, అదే వేళ దాని నీడను చెట్టునీడతో పోల్చుడు. చదును నేలపైనే సుమా!