ఉస్తాదు ముందు మాస్టరు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్మల్ని "పట్టుదల" గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇరవై ఏళ్లుగా ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు ఈ మాట చెబుతూనే ఉన్నాము. కాని దాని అర్థం మాకు తెలిసింది నలభై మూడో ఏట, వ్యాను స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు.

2022లో మన సంఘం రోగుల కోసం పాత మారుతి ఓమ్నీ వ్యాను కొన్న సంగతి మీకు తెలిసిందే. ఆ ఏడాదే ఒకనాటి రాత్రి రెండు గంటలకు మా పక్కింటి అమ్మాయికి నొప్పులు వచ్చాయి. వ్యాను వీధిలోనే ఉన్నది, తాళంచెవి మా చేతిలోనే ఉన్నది. డ్రైవరు మాత్రం ఊళ్లో లేడు. ఆటో కోసం ముప్పావు గంట పరుగులు పెట్టాము. అల్లాహ్ దయవల్ల తల్లీ బిడ్డా క్షేమమే గాని, ఆ తాళంచెవి మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఎల్.ఎల్.ఆర్. తీసుకొని, బండికి ఎల్ బోర్డు పెట్టి, ప్రక్కన ఉస్తాదును కూర్చోబెట్టుకొని ఈద్గా మైదానంలో మొదలుపెట్టాము. వారం గడిచినా కుదుపు ఇచ్చి ఆగిపోవడమే! అక్కడ క్రికెట్టు ఆడేది మా విద్యార్థులే. "మాస్టర్ సాబ్ బండి మళ్లీ ఆగిందిరోయ్!" అని ఒకడి కేక. మా మేనల్లుడు పది రోజుల్లో నేర్చేశాడు. పన్నెండో రోజున మేము, "ఈ వయసులో మాకు రాదు" అని తాళంచెవి తిరిగి ఇచ్చేశాము.

మూడు రోజులకు ఉస్తాదే ఇంటికి వచ్చాడు. "మాస్టర్ సాబ్, మీ క్లాసులో పిల్లవాడికి పన్నెండు రోజుల్లో అలిఫ్, బే రాకపోతే పేరు కొట్టేస్తారా?" అని అడిగాడు. మాకు జవాబు తోచలేదు. పేరు కొట్టలేదు గాని, "వీడికి రాదు" అని వెనక బెంచీకి పంపిన పిల్లలు ఉన్నారు మరి.

మర్నాడు ఉస్తాదు క్లచ్ ఒక్కటే నేర్పాడు. ఇంజను తిరుగుతుంటుంది, చక్రాలు నిలిచి ఉంటాయి. ఆ రెంటినీ కలిపేది క్లచ్. ఒక్కసారిగా వదిలితే బండి బరువంతా మీద పడి ఇంజను ఆగిపోతుంది. మెల్లగా వదులుతూ, పట్టు దొరికిన చోట కాలు కాస్త నిలిపితే బండి తనంతట కదులుతుంది. యాక్సిలరేటరు జోలికి పోకుండా ఇదే ముప్పైసార్లు చేయించాడు. చివరి పదిసార్లూ బండి ఆగలేదు.

ఇంకొక లెక్క వినండి. నిబంధనల ప్రకారం డ్రైవింగ్ స్కూల్లో కారు శిక్షణ 21 రోజులకు, బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. మేము రోజుకు పావుగంట చొప్పున పన్నెండు రోజుల్లో నడిపింది మూడు గంటలే! అప్పుడే రాదని తేల్చుకున్నాము.

లైసెన్సు పరీక్షలో మొదటిసారి రివర్సులో తప్పాము. 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చునని చట్టంలోనే ఉన్నది. మూడుసార్లు తప్పినవారు సైతం 60 రోజులు ఆగి రావచ్చు. మేము రెండోసారికి గట్టెక్కాము.

ఇప్పటికి నాలుగుసార్లు రాత్రిపూట రోగులను చేర్చాము. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఒక్కోసారి బండి ఆగుతుంది. వెనక బెంచీ పిల్లవాణ్ణి ముందుకు తెచ్చి, బడి వదిలాక రోజుకు ఒక్క అక్షరం దిద్దిస్తున్నాము. వాడికీ ఇంకా తడబాటు పోలేదు.

మన వ్యానుకు రాత్రివేళ ఇంకా ఇద్దరు కావాలి. ఆడవారైనా సరే, మగవారైనా సరే, రేపు ఉదయం మైదానానికి రండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. సెలవు.