చదువుకు ఆరు శాతం, జబ్బు రోజుకు కూలి
(గొల్లపల్లి ప్రసంగ పాఠం)



వేసవిలో ఈ గొల్లపల్లి అడవులలో తునికాకు కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టేది మనం. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డు బ్యాగు; దానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో నిర్ణయించిన ధర 5,500 రూపాయలు. జ్వరంతో మంచం పట్టిన రోజున మనకు దక్కేది సున్న.

ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికునికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం లభిస్తున్నది. మన కొరకు 2020లో రాష్ట్రం తెచ్చిన పథకం మరణానికీ, అంగవైకల్యానికీ పరిహారమిచ్చేదే గాని, జబ్బు రోజులకు కూలి ఇచ్చేది కాదు. తీవ్ర వికలాంగుల పింఛనులో కేంద్రం వాటా 2012 నుండి నెలకు 300 రూపాయల వద్దనే నిలిచిపోయినది.

ఆ కాస్తయినా చేతికందాలంటే ధ్రువపత్రం, దరఖాస్తు, బ్యాంకు ఖాతా కావాలి. మన ఇళ్ళలో కోయ, దోర్లీ, తెలుగు. కాగితం మీద హిందీ. చదివి చెప్పేవారేరీ? 2005 తర్వాతి హింసాకాండలో ఈ కోంటా ప్రాంతాన బడులెన్నో మూతపడినవి. నాడు బడికి దూరమైన పిల్లలే నేటి కూలీలు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పినది. 2020 విద్యావిధానమూ అదే వల్లించినది. ఆ లక్ష్యం నేటికీ నెరవేరలేదు.

కనుక బడి వేరు, భత్యం వేరు అనుకోరాదు. నేడు బడికి తగ్గించిన పైకమే రేపు ఆఫీసు గడపలో మనల్ని నోరు మెదపనీయదు. జబ్బు రోజులకు కూలి, ఊళ్ళోనే వైకల్య నిర్ధారణ శిబిరం, పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయుడు: ఈ మూడింటినీ ఒక్క కోర్కెగా, ఒక్క గొంతుతో అడుగుదాం!