తాతల కథకు ఒక బుర్రకథ

పశ్చిమ ఆఫ్రికాలో జాలీలనే గాయకులు 21 తంత్రుల కోరా మీటుతూ, 13వ శతాబ్దపు మాలి రాజు సుంజాటా కథను నేటికీ పాడుతున్నారు. తండ్రి నోట విన్నది కొడుకు అందుకుంటాడు.

మనకు బుర్రకథ ఉంది. కథకుని చేత తంబురా, ఇరుపక్కలా వంతలు. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతి విసురుతారు. పల్నాటి యుద్ధం చెప్పిన నాజర్ గారే బెంగాల్ కరువునూ కథ కట్టారు.

మరి మన తాతల కథ? కాకినాడలో ఓడెక్కి వచ్చి, ఈ లత వీధులు దిగితే తగిలే ఏటి రేవుల్లో మూటలు మోశారు. 1930 మేలో సమ్మె కట్టారు. వెంటనే వచ్చిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో వేలమంది అడవుల వెంట కాలినడకన ఇండియా దారి పట్టారు. దీన్ని పాడే గొంతు ఏది?

మన పిల్లల్లో చాలామందికి అక్షరాలు రావు. చెవులున్నాయి కదా! వచ్చే సంక్రాంతికి ఈ కథ కడదాం. వంతల్లో ఒకరు బర్మా భాషలో అందుకున్నా మాకు సమ్మతమే.